మొత్తం చేతికా, నెలనెలా పెన్షనా? ఈ తర్జనభర్జన వెనక కథ

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు రిటైర్మెంట్‌ దగ్గరపడ్డవాళ్లు నలుగురు కలిస్తే ఇదే చర్చ, డబ్బు మొత్తం తీసేసుకుందామా, నెలనెలా వచ్చేలా వదిలేద్దామా అని. కానీ పక్కపక్క ఇళ్లలో ఉన్నా నేవల్‌ డాక్‌యార్డ్‌ ఆయనకున్న వీలు స్టీల్‌ప్లాంట్‌ ఆయనకి లేదు.

2004కి ముందు చేరిన డాక్‌యార్డ్‌ సివిలియన్‌కి పాత పెన్షన్‌ ఉంటుంది. అందులో 40 శాతం దాకా కమ్యూట్‌ చేసి, అంటే నెలనెలా వచ్చేదాంట్లో ఆ మేరకు కోతకి ఒప్పుకుని, ముందే డబ్బు తీసుకోవచ్చు, 15 ఏళ్లయ్యాక కోత ఆగి పూర్తి పెన్షన్‌ వస్తుంది. ఈ 15 ఏళ్ల రూలు ఊరికే రాలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1986లో దక్కింది.

స్టీల్‌ప్లాంట్‌ జాతికి అంకితమైంది 1992లో. మూడేళ్లకి, 1995 నవంబర్‌ 16న, పీఎఫ్‌ ఉన్న కంపెనీల ఉద్యోగులకి ఈపీఎస్‌-95 అనే పెన్షన్‌ పథకం మొదలైంది. కంపెనీ కట్టే పీఎఫ్‌ వాటాలోంచి జీతంలో 8.33 శాతం, అదీ మామూలుగా సీలింగ్‌ (లెక్కలోకి తీసుకునే జీతానికి పెట్టిన గరిష్ఠ పరిమితి) వరకే, పెన్షన్‌ నిధికి మళ్లించారు. సీలింగ్‌ అంత తక్కువైతే పెన్షన్‌ మాత్రం ఎక్కడ పెరుగుతుంది! అప్పట్లో మూడో వంతు కమ్యూట్‌ చేసుకోనిచ్చేవారు, వదులుకున్న దానికి వంద రెట్లు ఇచ్చేవారు. అంటే 1,500 పెన్షన్‌లో 500 వదిలేస్తే చేతికి 50,000. లెక్కేస్తే ఎనిమిదేళ్ల నాలుగు నెలల్లో ఆ డబ్బు కోతలోనే తీరిపోతుంది, కోత మాత్రం బతికినన్నాళ్లూ సాగేది. 2008 సెప్టెంబర్‌ 26న ఆ ఆప్షనే ఎత్తేశారు. అంతకుముందు తీసుకున్నవాళ్లకి 15 ఏళ్ల తర్వాత పూర్తి పెన్షన్‌ ఇస్తామన్నది 2020లో, ఆ ఊరట చూడకుండానే పోయినవాళ్లు ఎందరో.

ఇక 2004 జనవరి 1 నుంచి కేంద్ర ఉద్యోగుల్లో కొత్తవాళ్లకి ఎన్‌పీఎస్‌, ఆ ఏడాదే సెప్టెంబర్‌ నుంచి మన రాష్ట్ర ఉద్యోగులకి సీపీఎస్‌, రెండూ ఉద్యోగి, ప్రభుత్వం కలిసి నెలనెలా డబ్బు జమచేసే పథకాలే. రిటైరయ్యేనాటికి పోగైన దాంట్లో 60 శాతం దాకా చేతికి, కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ, అంటే నెలనెలా డబ్బొచ్చే పాలసీ, కొనాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. యాన్యుటీ కొన్న రోజున ఏ రేటుంటే సాధారణంగా అదే జీవితాంతం, డీఏ అన్న మాటే లేదు. రేట్లేమో దిగుతూ వచ్చాయి. పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం 2003లో తెచ్చిన వరిష్ఠ పెన్షన్‌ బీమా 9 శాతం ఇచ్చింది, 2017లో అలాగే వచ్చిన వయవందన 8 శాతంతో మొదలై 2023 మార్చిలో మూతపడింది. మధురవాడలో సైటు మీదున్న నమ్మకం మనవాళ్లకి యాన్యుటీ మీద లేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు (సైటు నెలనెలా రూపాయి కూడా ఇవ్వదు, అది వేరే సంగతి). ఈపీఎస్‌లో 2014లో పెట్టిన 1,000 రూపాయల కనీస పెన్షన్‌ పదేళ్లు దాటినా అక్కడే ఉండటం చూశారు కదా.

2025 డిసెంబర్‌లో ప్రభుత్వేతర ఎన్‌పీఎస్‌ ఖాతాదారులకి చేతికిచ్చే వాటా 80 శాతానికి పెంచారు. డాక్‌యార్డ్‌లో 2004 తర్వాత చేరినవాళ్లకి అది వర్తించదు, వాళ్లకి 40 శాతం యాన్యుటీ అలాగే ఉంది, కాకపోతే 2025 ఏప్రిల్‌ నుంచి అమల్లోకొచ్చిన, ఖాయమైన పెన్షన్‌ ఇచ్చే యూపీఎస్‌కి మారే అవకాశం ఇచ్చారు.