పిడికిలి బిగించకండి: లాక్టేట్ రక్తపరీక్ష కథ

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లకి మోకాళ్ల పర్వతం దగ్గర తొడలు ఎలా మండుతాయో తెలుసు. కండరం అడిగినంత వేగంగా మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగాలు) శక్తిని ఇవ్వలేనప్పుడు గ్లూకోజ్ సగంలోనే విరిగి లాక్టేట్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కాసేపు కూర్చుంటే గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది, గంటా గంటన్నరలో అంతా మామూలే. మర్నాడు పిక్కలు పట్టేయడానికి కారణం లాక్టేట్ అని చాలామంది అనుకుంటారు కానీ, అది కండరపు పోగులు దెబ్బతిన్న నొప్పి, ముఖ్యంగా దిగేటప్పుడు.

మెట్లెక్కినవాళ్లకి పెరిగితే సరే. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషికి పెరిగితే మాత్రం భయపడాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు లీటరు రక్తంలో 2 మిల్లీమోల్స్ లోపు ఉండాలి, 4 దాటితే డాక్టర్లు పరుగులు పెడతారు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకినా, రక్తం బాగా పోయినా, గుండె సరిగ్గా కొట్టకపోయినా బీపీ పడిపోకముందే ఈ అంకె పెరగొచ్చు. 1780లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే పులిసిన పాలలో కనిపెట్టిన పదార్థమే ఈ లాక్టేట్. 1843లో జర్మన్ వైద్యుడు షెరర్ బాలింత జ్వరంతో చనిపోయిన స్త్రీల రక్తంలో దాన్ని చూశాడు.

నేను తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మేం రోజంతా అనే మాట "పిడికిలి బిగించండి". లాక్టేట్‌కి మాత్రం అదే అనకూడదు, ఎందుకంటే చెయ్యి బిగించినా, రబ్బరు పట్టీ ఎక్కువసేపు కట్టి ఉంచినా ఆ చేతి కండరాల లాక్టేట్ కూడా శాంపిల్‌లో కలిసిపోతుంది. ఇంకో చిక్కు ట్యూబ్‌లోనే ఉంది. ఎర్ర రక్తకణాలకి మైటోకాండ్రియా ఉండదు, గ్లూకోజ్‌ని లాక్టేట్ చేసుకోవడమే వాటి బతుకు, ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా ఆ పని ఆపవు. అందుకే బూడిదరంగు మూత ట్యూబ్. అందులోని ఫ్లోరైడ్ ఆ పనిని ఆపుతుంది, ఆక్సలేట్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. ఫ్లోరైడ్ వేసిన క్షణమే పూర్తిగా పట్టుకోదు కాబట్టి ఐసులో పెట్టి, వీలైనంత త్వరగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా (కణాలు లేని రక్తద్రవం) వేరు చేస్తాం. ఆ తర్వాత మెషిన్‌లో ఒక ఎంజైమ్ లాక్టేట్‌ని ఆక్సీకరణం చేస్తుంది, అప్పుడు పుట్టే పెరాక్సైడ్‌తో రంగు వస్తుంది, రంగు ఎంత ముదిరితే లాక్టేట్ అంత ఎక్కువ.

ఒక మే నెల మధ్యాహ్నం వార్డు నుంచి మామూలు ట్యూబ్‌లో శాంపిల్ వచ్చింది, ఐసు లేదు, భోజనాల వేళ కౌంటర్ మీద చాలాసేపు ఉండిపోయింది. 4.8 వచ్చింది. రిపోర్ట్ పంపబుద్ధి కాక నేనే పైకి వెళ్లాను. పెద్దాయన మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూడగానే చెయ్యి చాపి "పిడికిలి పట్టాలా నాయనా?" అన్నాడు. "వద్దు, వదులుగా పెట్టండి" అని, పట్టీ కట్టకుండా, కనిపిస్తున్న నరం నుంచే తీసి, ఐసులో పెట్టుకుని మెట్లు దిగాను. 1.7. మొదటి అంకె అలాగే వెళ్లి ఉంటే ఆ ఇంటివాళ్లకి ఎంత టెన్షన్, ఆయనకి ఎన్ని అక్కర్లేని సెలైన్లు!

అలాగని పెరిగిన ప్రతి అంకెనీ శాంపిల్ తప్పే అనుకోవడం ఇంకా ప్రమాదం. ఫిట్స్ వచ్చినా, కాలేయం దెబ్బతిన్నా, కిడ్నీలు పాడైనవాళ్లు షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా నిజంగానే పెరగొచ్చు. రిపోర్ట్ చదివేవాళ్లు యూనిట్ కూడా చూడండి: కొన్ని ల్యాబులు డెసిలీటరుకి (100 మి.లీ.కి) ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తాయి, అక్కడ 18 అంటే ఇక్కడి 2. పేరులో లాక్టేట్ ఉన్నా ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్) అనేది వేరే పరీక్ష, దాని అంకెలు వందల్లో ఉంటాయి.

ఎక్కువ వస్తే రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ తీస్తారు. 6 నుంచి 3కి దిగితే మందు పనిచేస్తోందని ఊపిరి పీల్చుకుంటాం, 7కి వెళితే ఐసీయూ వాళ్లు చికిత్స మార్చాలి. అందుకే రాత్రిపూట సిస్టర్ ఫోన్ చేసి "అన్నా, ఎంతొచ్చింది?" అంటే నేను రెండంకెలూ చెబుతాను, ఇందాకటిది, ఇప్పటిది.