పాత కారు అసలు వయసు ఎక్కడ ఉంటుంది?

పాత కారు కొనబోయేవారు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అన్నదే. విచిత్రమేమిటంటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మీటరును మార్చినంత సులువుగా కారులో మరే భాగాన్నీ మార్చలేరు. ఇప్పటి బండ్లలో మీటరు మీద కనిపించేది ఒక చిన్న మెమరీ చిప్‌లో దాచిన సంఖ్య. సరైన పరికరం చేతిలో ఉంటే 1,20,000ను 40,000 చేయడం కొద్ది నిమిషాల పని.

కానీ ఇనుము, రబ్బరు, గాజు, నూనె, రంగు అలా మాట వినవు. వేడి, నీరు, రాపిడి వీటిలో ఒక్కొక్కదాన్ని ఒక్కో పద్ధతిలో మారుస్తాయి. ఆ మార్పులన్నీ ఒకే కథ చెబుతున్నాయా, లేక ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయా అని చూడటమే అసలు పరీక్ష. ఒకటి రెండు ఆనవాళ్లను చెరపడం తేలికే. అన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా చెరపాలంటే మాత్రం అమ్మేవాడికి లాభం మిగలదు.

మన ఊళ్లలో తరచూ అమ్మకానికి వచ్చే బండినే తీసుకుందాం. 2017 మోడల్ హోండా సిటీ, పెట్రోలు, మీటరు మీద 40,000 కిలోమీటర్లు. మారుతి సియాజ్ అయినా, హ్యుందాయ్ వెర్నా అయినా చూసే పద్ధతి ఒకటే.

ముందు టైర్లు. ప్రతి టైరు పక్క గోడ మీద చిన్న చట్రంలో నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఇలాంటి కారు చక్రం ఒక కిలోమీటరుకు సుమారు 520 సార్లు తిరుగుతుంది. నలభై వేల కిలోమీటర్లంటే రెండు కోట్లకు పైగా చుట్లు. అయినా మామూలుగా నడిపితే ఒక జత టైర్లు ఆ దూరం రావాలి. 40,000 దాటలేదంటున్న 2017 బండికి నాలుగు టైర్లూ 2020లో తయారైనవి ఉండి, అవి కూడా అరిగిపోయి ఉంటే, మొదటి జత ఏమైందని అడగాలి. పంక్చర్లు, గోతులు కారణం కావచ్చు. జవాబు వినండి, రాసుకోండి, తీర్పు అప్పుడే చెప్పవద్దు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే ఆ చక్రం నిలబడే కోణం తప్పిందన్నమాట. అలైన్‌మెంట్ చేయించకపోవడం వల్ల కావచ్చు, కింద ఏదైనా భాగం వంగినందువల్ల కావచ్చు.

తర్వాత అద్దాలు. ప్రతి అద్దం మూలన కంపెనీ ముద్ర పక్కన తయారీ సంవత్సరాన్ని సూచించే అంకె, చుక్కలు ఉంటాయి. అన్నీ ఒకే కాలానివై, ఒక తలుపు అద్దం మాత్రం మూడేళ్ల తర్వాతిదైతే ఆ వైపు ఏదో జరిగింది. ముందు అద్దం ఒక్కటే కొత్తదైతే నేను పెద్దగా పట్టించుకోను. హైవే మీద లారీ టైరు నుంచి ఎగిరే చిన్న రాయి చాలు దాన్ని మార్చాల్సిరావడానికి.

ఇంజిన్ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉదయాన్నే వస్తామని, తాము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వెనక్కి రావడం మంచిది. చల్లని ఇంజిన్‌లో లోహపు భాగాలు ఇంకా వ్యాకోచించవు, వాటి మధ్య సందులు ఎక్కువగా ఉంటాయి, నూనె చిక్కగా ఉంటుంది. అరిగిన భాగాల చప్పుడు బయటపడేది ఆ మొదటి అరనిమిషంలోనే. వేడెక్కాక చాలా లోపాలు సద్దుమణిగిపోతాయి.

సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, నీటి చుక్కలు వస్తే భయపడనవసరం లేదు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. చల్లని గొట్టంలో అది చుక్కలుగా మారి కారుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత కూడా దట్టమైన తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తుంటే మాత్రం ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) సిలిండర్‌లోకి దిగుతోందన్నమాట, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే కూలెంట్ డబ్బాలోకి తొంగిచూడాలి. మన దగ్గర చాలామంది కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసేస్తారు. తెలంగాణ, రాయలసీమ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీరు వేడెక్కినప్పుడు అవి గారగా మారి రేడియేటర్ సన్నని గొట్టాల లోపల పేరుకుంటాయి. గార వేడిని సరిగా పోనివ్వదు. పైగా మామూలు నీటిలో తుప్పును ఆపే రసాయనాలేవీ ఉండవు. డబ్బాలో ఆకుపచ్చ, నీలం, గులాబీ వంటి శుభ్రమైన రంగుకు బదులు ఎర్రమట్టి నీళ్లలాంటి ద్రవం కనిపిస్తే ఆ బండిని సంవత్సరాలుగా ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ వేడిగా ఉండగా తీయకూడదు. లోపల ద్రవం పీడనంలో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటుంది. మూత తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

నీటి గురించే ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య ఏళ్లలో మన చుట్టుపక్కల నగరాలు పదేపదే మునిగాయి. 2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో మళ్లీ చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. మునిగిన బండ్లన్నీ తుక్కు కింద పోవు. బీమా నియమాల ప్రకారం మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కగడతారు. అలాంటి బండిని వేలంలో కొని, కడిగి, ఆరబెట్టి వేరే ఊరిలో అమ్మేవాళ్లు ఉన్నారు.

నడుస్తున్న ఇంజిన్‌లోకి నీరు పోతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. సిటీ ఇంజిన్ 1,497 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఊడ్చే పరిమాణం సుమారు 374 మిల్లీలీటర్లు. దాని సంపీడన నిష్పత్తి (పిస్టన్ కిందున్నప్పటి ఖాళీ పైకి చేరినప్పటి ఖాళీకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 10.3. అంటే పిస్టన్ పైకి చేరినప్పుడు దానిపైన మిగిలే ఖాళీ 40 మిల్లీలీటర్లు మాత్రమే. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండర్‌లోకి 40 మిల్లీలీటర్లకు మించి నీరు చేరితే పిస్టన్‌కు పైకి పోవడానికి దారి ఉండదు, కానీ క్రాంక్ షాఫ్టు దాన్ని తోస్తూనే ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే కనెక్టింగ్ రాడ్ మధ్యలో నలిగి వంగుతుంది. కొన్నిసార్లు కొద్దిగానే వంగుతుంది. నీరు తీసేసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ నడుస్తుంది కూడా. ఆ పిస్టన్ మిగతావాటికంటే కాస్త తక్కువ ఎత్తుకు వెళుతుంది, ఇంజిన్ కొద్దిగా అదురుతుంది. అలా నడిచి నడిచి ఒకరోజు ఆ రాడ్ విరిగి ఇంజిన్ గోడనే చీల్చవచ్చు. అనుమానం ఉన్నప్పుడు నాలుగు సిలిండర్ల సంపీడనాన్ని కొలిపించడం ఇందుకే. నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి.

వరద ఆనవాళ్లు చెయ్యి అందని చోట్ల మిగిలిపోతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, కడిగినవాళ్లు సాధారణంగా అంత దూరం లాగరు. చివరి భాగంలో బురద మరక, ముక్క వాసన ఉండవచ్చు. సీట్ల కింద పట్టాలు, డిక్కీలో స్టెప్నీ కింది గుంత, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు చూడాలి. తడిసిన రాగి మీద పచ్చటి పూత ఏర్పడుతుంది. విద్యుత్తు ఉన్న తీగకు మురికినీరు తగిలితే ఆ తుప్పు మరింత వేగంగా పడుతుంది. అది ఆరేళ్ల తర్వాత కూడా ఒక్కో దీపాన్ని, ఒక్కో సెన్సర్‌ను ఆపేస్తూ పోతుంది. కారు తలుపు తీయగానే ఘాటైన అత్తరు వాసన కొడితే నా అనుమానం రెట్టింపవుతుంది.

విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు బండ్లకు వరద అక్కరలేదు. గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, క్లోరైడ్ అయాన్లు తుప్పును తొందరపెడతాయి. అక్కడి బండిని తప్పనిసరిగా పైకెత్తించి అడుగుభాగం చూడాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఛాసిస్ మీద చెక్కిన 17 అక్షరాల సంఖ్యను ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చాలి. రవాణా శాఖ వారి వాహన్ వెబ్‌సైటులో ఓనర్ల సంఖ్య, అప్పు, బీమా వివరాలు చూడాలి. అప్పు తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు తొలగించకపోతే బదిలీ ఆగిపోతుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు ఆంక్షలు పెట్టినందువల్ల అక్కడి నుంచి చవకగా వచ్చే బండ్లు మన దగ్గరా కనిపిస్తాయి. ఇక్కడ కట్టాల్సిన జీవితకాల పన్ను కలిపి లెక్కేస్తే ఆ చవక చాలావరకు ఆవిరవుతుంది. ఒక చిన్న కాగితం మాత్రం చాలామంది చూడరు, అది పాత బీమా పాలసీ. క్లెయిము చేయని ప్రతి ఏడాదికీ రాయితీ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. "ఈ బండికి గీత కూడా పడలేదు" అంటున్న మనిషి పాలసీలో ఆ రాయితీ గత ఏడాది సున్నాకు పడిపోయి ఉంటే కారణం అడగండి.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, కారు అస్థిపంజరం. ఏసీ, మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు చూస్తూ గంట గడిపేవాళ్లు దీనికి ఐదు నిమిషాలు కూడా ఇవ్వరు. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే పిల్లల్ని కూర్చోబెట్టబోయేది ఆ ఇనుము మధ్యనే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దిందనుకోండి. ముందు భాగం అర మీటరు నలిగితే లోపలి మనిషి మీద పడే వేగతగ్గుదల గురుత్వాకర్షణకు సుమారు 20 రెట్లు. అదే భాగం పావు మీటరే నలిగితే 40 రెట్లు. ముందు భాగం నలగడమే ప్రాణాలు కాపాడే పని, అందుకే దాన్ని ఒక వరుసలో మడత పడేలా రూపొందిస్తారు. ఒకసారి మడతపడిన ఉక్కును టింకరింగ్ షెడ్డులో లాగి తిన్నగా చేయవచ్చు. ఆకారం తిరిగి వస్తుంది, గుణం తిరిగి రాదు. వంగినచోట ఉక్కు గట్టిపడి పెళుసుబారుతుంది. వేడిచేసి వంచితే అంతకంటే ప్రమాదం. ఇప్పటి కార్లలో పైకప్పును మోసే స్తంభాల్లో వాడే అధిక బలం గల ఉక్కుకు ఆ బలం కర్మాగారంలో వేడిచేసి వేగంగా చల్లార్చడం వల్ల వచ్చింది. గ్యాసు మంట తగిలితే ఆ బలం చాలావరకు పోతుంది. బయటికి మెరుస్తూ కనిపించే ఆ బండి రెండో ప్రమాదంలో ఎలా మడతపడుతుందో ఏ ఇంజినీరూ చెప్పలేడు.

దీన్ని పట్టుకునే మార్గం రంగు. కంపెనీ రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం ఉంటుంది. మళ్లీ రంగు వేసిన రేకు మీద అది 200 దాటుతుంది. కింద పుట్టీ పూస్తే 500, 1,000 కూడా దాటవచ్చు. ఆ మందం కొలిచే చిన్న పరికరం చాలామంది తనిఖీ మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. బంపర్ ప్లాస్టిక్‌ది కాబట్టి అక్కడ కొలతకు అర్థం లేదు. ఒక తలుపు మీద 250 వస్తే గీత పోగొట్టడానికి రంగు వేయించి ఉంటారు, ధర తగ్గించమని అడిగి ముందుకు పోవచ్చు. తలుపుల మధ్య స్తంభం మీద, పైకప్పు మీద అలాంటి అంకె వస్తే ఆ కారు నాకు వద్దు. ఆపైన బానెట్ ఎత్తి, ముందు చక్రాల మీది రెక్కలను (ఫెండర్లను) పట్టుకున్న బోల్టుల తలల మీద రంగు గీసుకుపోయిందా చూడాలి, ఎప్పుడూ విప్పని బోల్టు మీద రంగు చెక్కుచెదరదు. కర్మాగారపు రోబో వేసిన వెల్డింగ్ చుక్కలు సమదూరంలో ఒకే పరిమాణంలో ఉంటాయి. చేత్తో వేసినవి అలా ఉండవు.

చివరిగా ఎయిర్‌బ్యాగులు. 2013 వరకు తయారైన చాలా హోండా కార్లలో టకాటా సంస్థ ఎయిర్‌బ్యాగులు ఉండేవి. వాటిలో గాలిని పుట్టించే అమోనియం నైట్రేట్ ఏళ్లతరబడి వేడికి, తేమకు దెబ్బతిని, అవసరమైన క్షణంలో అతిగా పేలి లోహపు ముక్కల్ని మనిషి మీదికి చిమ్మింది. మన తీరపు వాతావరణం సరిగ్గా అలాంటిదే. కాబట్టి ఆ వయసు బండి చూస్తుంటే ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో వెతికి, ఆ భాగాన్ని ఉచితంగా మార్చారో లేదో తెలుసుకోవాలి.

ఏ బండి అయినా తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూ ఉంటే లోపం ఉందని కంప్యూటర్ చెబుతోంది. అసలు వెలగకపోతే ఇంకా చెడ్డది, పేలిపోయిన బ్యాగును మార్చకుండా దీపాన్నే తీసేసి ఉండవచ్చు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే మరో మోసం కూడా దొరుకుతుంది. లోపాల జాబితాను అమ్మకానికి ముందు చెరిపేసి ఉంటే, ఇంజిన్ కంప్యూటర్ తన స్వీయపరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తుంది. అవి పూర్తి కావడానికి కొన్ని రోజుల మామూలు ప్రయాణం కావాలి. అప్పుడు బ్యాటరీ ఈమధ్య మార్చారా అని అడగండి, దానివల్ల కూడా ఇలా జరుగుతుంది. మార్చలేదంటే వారం రోజులు నడిపిన తర్వాత మళ్లీ చూస్తామని చెప్పి, అడ్వాన్సు ఇవ్వకుండా రండి.