బడికొచ్చే ఒకేషనల్ గ్రాంటు: మా రాయగడ వైపు అపోహలు, అసలు సంగతులు

నేను ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పాఠాలతో పాటు ఒకేషనల్ (వృత్తి కోర్సుల) పనులు కూడా చూసే టీచర్ని. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియాలోనే చదువుతారు. తల్లిదండ్రులు మాత్రం బడి కమిటీ మీటింగుకొచ్చి తెలుగులోనే నిలదీస్తారు. అక్కడ నేను తరచూ వినే మాటలివి.

అపోహ: "బడికి లక్షలొచ్చాయంట కదా మాస్టారూ, ఆ డబ్బేదీ?"

వాస్తవం: అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే హెడ్మాస్టర్ బీరువాలోనో బడి ఖాతాలోనో కట్టలు ఉండవు. ఈ గ్రాంటు వచ్చేది సమగ్ర శిక్ష అనే బడి చదువుల పథకం కింద. ఇలాంటి కేంద్ర పథకాల డబ్బుకి 2021 జులై 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఒక్కో పథకానికి డబ్బంతా ఉండే నోడల్ ఖాతా రాష్ట్రంలో ఒకటే పెట్టారు. కింది ఆఫీసులకి, బళ్లకి జీరో బ్యాలెన్స్ ఖాతాలు, వాటికి ఖర్చు పరిమితి. రేషన్ కార్డు మీద కోటా రాసి ఉన్నట్టే ఇదీను: రాసినంత వరకే, రాసిన సరుకే. బిల్లు పెట్టి ఆన్‌లైన్‌లో చెల్లిస్తే అప్పుడు డబ్బు కదులుతుంది. గడువులోగా వాడకపోతే పరిమితి వెనక్కి పోతుంది, బడికి మిగిలేదేమీ ఉండదు.

పైగా ప్రతి రూపాయికీ ఒక పద్దు ఉంటుంది. ల్యాబ్ పనిముట్లు, పరికరాలు, ఫర్నిచర్ ఒకసారి ఇచ్చే గ్రాంటు కిందకి వస్తాయి. ట్రైనర్ జీతం, ముడిసరుకు, గెస్ట్ లెక్చర్లు, ఫీల్డ్ విజిట్లు, పరీక్ష ఖర్చు ఏటా వచ్చే పద్దులోవి. "కంప్యూటర్లు కొనగా మిగిలినదాంతో ప్రహరీ కట్టేద్దాం" అంటే కుదరదు. ఖర్చు లెక్క చూపే వినియోగ పత్రంలో దొరికిపోతాం.

ఇంకో గందరగోళం ఉంది. కాంపోజిట్ స్కూల్ గ్రాంటు అని వేరే ఒకటుంది. అది పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. 30 మంది లోపు బడికి 10 వేలు, 101 నుంచి 250 మంది ఉంటే 50 వేలు, వెయ్యి దాటితే లక్ష. అందులో 10 శాతం శుభ్రతకే పెట్టాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నచిన్న రిపేర్లు అన్నీ అందులోంచే గడవాలి. ఆ డబ్బుతో ఒకేషనల్ ల్యాబ్ పెట్టండి అంటే ఏ హెడ్మాస్టరైనా తల పట్టుకుంటాడు.

అపోహ: "అంతా ఢిల్లీ డబ్బే."

వాస్తవం: కాదు. సమగ్ర శిక్షలో మనలాంటి రాష్ట్రాలకి కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం వాటా ఆలస్యమైతే పని కూడా ఆగుతుంది.

అపోహ: "ఆంధ్రలో పాతపట్నం బళ్లో ఒకేషనల్ ఉంది, పార్వతీపురంలో ఉంది. మనం తెలుగోళ్లమని ఒడిశావాళ్లు ఇవ్వట్లేదు."

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కన్నా విసుగే ఎక్కువ. పథకం అటూ ఇటూ ఒకటే, వాటాలూ ఒకటే. ఏ బడిలో ఏ ట్రేడ్ (ఒకేషనల్ కోర్సు) పెట్టాలన్నది రాష్ట్రం ఏటా వార్షిక ప్రణాళికలో రాసి కేంద్రానికి పంపుతుంది. ఢిల్లీలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు దాన్ని పరిశీలించి మంజూరు చేస్తుంది. ఒడిశాలో ఆ పని ఒసెపా అనే రాష్ట్ర విద్యా సంస్థ ద్వారా నడుస్తుంది. మన ఇంటి భాష ఏ కాలమ్‌లోనూ ఉండదు. యూడైస్ అనే బళ్ల సమాచార రికార్డులో మన బడి వివరాలు, పిల్లల సంఖ్య, గదుల లెక్క ఉంటాయి. ఖాళీ గది ఉండి కూడా యూడైస్‌లో ఎక్కించకపోతే ల్యాబ్‌కి చోటు లేదనే అనుకుంటారు. బోర్డు మీటింగు మినిట్స్ కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా చూడొచ్చు.

అపోహ: "మాది చిన్న బడి, మాకు రానే రాదు."

వాస్తవం: ప్రతి బడికీ ల్యాబ్ రాదు, నిజమే. అందుకే హబ్ అండ్ స్పోక్ అనే ఏర్పాటు ఉంది. పరికరాలున్న బడి హబ్, చుట్టుపక్కల బళ్ల పిల్లలు అక్కడికొచ్చి ప్రాక్టికల్స్ చేస్తారు. కాగితం మీద చక్కగా ఉంటుంది. కానీ మా కొండ దారుల్లో వానాకాలం ఆడపిల్లల్ని పక్క ఊరి బడికి పంపాలంటే ఏ తల్లయినా ఆలోచిస్తుంది. నా ఉద్దేశంలో హబ్ ఎక్కడ పెట్టాలన్నది దూరం చూసి కాదు, బస్సు టైమింగులు చూసి నిర్ణయించాలి. ఎయిడెడ్ బళ్లు కూడా ఇప్పుడు పథకంలోకి వస్తాయి. ప్రైవేటు బళ్లు రావు.

అపోహ: "చదువు రాని పిల్లలకే ఒకేషనల్."

వాస్తవం: మిగతా సబ్జెక్టులు అందరితో పాటే చదువుతారు, బోర్డు పరీక్షా రాస్తారు. ఈ అపోహకి తల్లిదండ్రుల కన్నా మా టీచర్లే ఎక్కువ కారణం. 'వీడికి లెక్కలు రావు, ట్రేడ్‌లో వేసేయండి' అనేది మేమే. దీనికి వ్యతిరేకమైన భ్రమ కూడా ఉంది: ట్రేడ్ చదివితే ఐటీఐ సర్టిఫికెట్ వచ్చినట్టేనని. రాదు. ఐటీఐ వేరే శాఖ, వేరే సర్టిఫికెట్.

అపోహ: "ట్రైనర్ సరిగ్గా రాకపోతే హెడ్మాస్టర్ ట్రాన్స్‌ఫర్ చేయించొచ్చుగా?"

వాస్తవం: చాలాచోట్ల ట్రైనర్ ప్రభుత్వ ఉద్యోగి కాదు. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద వస్తాడు. మంజూరు ఆలస్యమైతే అతని జీతమూ ఆలస్యమే, జీతం రాకపోతే మధ్యలోనే వెళ్లిపోతాడు. అప్పుడు పరికరాల మీద దుమ్ము, పిల్లలకి పరీక్షల టెన్షన్. కాబట్టి కమిటీలో "ఎన్ని కంప్యూటర్లు కొన్నారు" అని అడిగే ముందు "ట్రైనర్ ఉన్నాడా, జీతం ఏ నెల వరకు అందింది" అని అడగండి. కొత్త ట్రేడ్ కావాలంటే మాత్రం ఏప్రిల్ కంటే బాగా ముందే తీర్మానం రాయించి బ్లాకు ఆఫీసుకి పంపించండి. ప్రణాళిక వెళ్లిపోయాక ఇచ్చిన అర్జీ ఇక వచ్చే ఏడాదికే.