రాజు పోయాక కావలి ఎవరిది?

తిరుపతిలో చదువుకుంటున్న కొందరు విద్యార్థులు కలిసి ఒక కల్పిత రాజ్యం కథ రాస్తున్నారు. ఆ రాజ్యంలో రాజును కాపాడే దళం ఒకటి ఉంది. ఏరి కోరి ఎంచుకున్న పన్నెండు మంది. పెళ్లి చేసుకోరు, సెంటు భూమి ఉంచుకోరు, రాజు మాట తప్ప మరొకరి మాట చెవిన పెట్టరు. ఏడో అధ్యాయంలో రాజు వారసుడిని తేల్చకుండా కన్నుమూస్తాడు. సింహాసనం నాదంటే నాదని ఇద్దరు వస్తారు. ఇప్పుడు ఆ పన్నెండు మంది ఎవరి వెనుక నిలబడాలి? ప్రమాణం చేసినవారు చీలిపోరని సగం మంది వాదన. చీలక తప్పదని మిగతా సగం. ఆ తగవు తీరక కథ నిలిచిపోయి, రాతప్రతి నా దగ్గరకు వచ్చింది.

చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. వీళ్లు ఆ దళానికి తొడిగిన కవచాలు, కప్పిన అంగీలు, చేయించిన ప్రమాణాలు అన్నీ ఎక్కడో మంచు కురిసే దేశాలవి. వాళ్ల హాస్టలు నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి కోట ఉంది. వాళ్లను వేధిస్తున్న ప్రశ్న ఆ కోటతో ముడిపడిన వంశాల్లో ఒకసారి కాదు, మూడుసార్లు నిజంగా ఎదురైంది.

ముందు ప్రమాణం సంగతి చూద్దాం. ఏలికతోపాటే బతుకు, ఏలికతోపాటే చావు అని ఒట్టు పెట్టుకున్న భటులు దక్షిణాదిలో ఉండేవారు. కాకతీయుల కాలంలో లెంకలు ప్రభువుకు కట్టుబడిన బంట్లు. కన్నడ సీమను ఏలిన హోయసలుల దగ్గర అలాంటివారిని గరుడులు అనేవారు. 1220 ప్రాంతంలో రెండో వీరబల్లాళుడు చనిపోయినప్పుడు అతని గరుడుడు కువర లక్ష్ముడు భార్యతోను, తన వీరులతోను కలిసి ప్రాణత్యాగం చేశాడని హళేబీడులోని స్తంభ శాసనం చెబుతోంది. తూర్పు తీరంలో రాజు చితిలోకి అతని ఆంతరంగిక భటులు దూకే ఆచారాన్ని 13వ శతాబ్దం చివర వచ్చిన మార్కో పోలో కూడా రాశాడు.

ఇది విని చాలామంది ఒళ్లు గగుర్పొడిచిందంటారు. నాకు మాత్రం ఇందులో ఒక పాలకుడి లెక్క కనిపిస్తుంది. రాజు పోతే తానూ పోవాల్సిన భటుడు రాజును చంపేవాడితో ఎన్నటికీ చేతులు కలపడు. తర్వాత రాజు ఎవరన్న ప్రశ్న అతని ముందుకే రాదు. మన విద్యార్థుల పన్నెండు మందికి వచ్చిన చిక్కుకు పాతవాళ్లు కనిపెట్టిన పరిష్కారం అది. అతి క్రూరమైన పరిష్కారం.

విజయనగర కాలానికి వచ్చేసరికి కావలి కొలువుగా మారింది. 1520 ప్రాంతంలో హంపీ చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, నగరు, అంటే రాజభవనం, వాకిళ్ల దగ్గర తోలు కొరడాలు, కర్రలు పట్టుకుని కూర్చున్న ద్వారపాలకులను వర్ణించాడు. నాయకులను, పెద్దలను తప్ప వాళ్లు ఎవరినీ లోపలికి వదిలేవారు కారు. తర్వాత పదిహేనేళ్లకు రాసిన మరో పోర్చుగీసువాడు నూనిజ్ లెక్కలు ఇచ్చాడు. రాజు స్వయంగా జీతమిచ్చే సైన్యం 50,000. అందులో నగరు కావలికి 6,000 గుర్రపు దళం. ఆ 6,000 మందిలో 200 మంది రాజు ఎక్కడికి వెళ్లినా వెంట నడవాలి. రాత్రిపూట అంతఃపురాన్ని కాసేది ఆడవాళ్లే అని కూడా అతను రాశాడు. విద్యార్థుల పన్నెండు మందిలో ఒక్క స్త్రీ లేదు. ఈ మాట వారికి ముందే చెప్పాను.

ఈ కావలివారికి జీతం బొక్కసం నుంచి వచ్చేది. మరోవైపు 200 మందికి పైగా అమరనాయకులు రాజు ఇచ్చిన సీమలు అనుభవిస్తూ, ఆ ఆదాయంతో తమ సొంత సేనలను పోషించేవారు. ఆ సేనలోని బంటు తిన్న ఉప్పు నాయకుడిది. రాజు అతనికి దూరపు మాట. ఈ ప్రమాదం శ్రీకృష్ణదేవరాయలకు బాగా తెలుసు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలోని రాజనీతిలో, కోటలను నమ్మకస్తులైన బ్రాహ్మణులకే అప్పగించమంటాడు.

ఇక చంద్రగిరి. 1485లో ఇక్కడి ప్రభువు సాళువ నరసింహుడు విజయనగర సింహాసనాన్ని ఆక్రమించాడు. అతను పంపిన సేనాని రాజధాని చేరేసరికి నగరు వాకిలి దగ్గర అడ్డుకునేవాడే లేడని, రాజు పారిపోయాడని నూనిజ్ కథనం. వంశం మారిపోయిన రోజున కావలి ఖాళీగా ఉంది. పాత రాజు మీద నమ్మకం పోయిన కావలివారు కత్తి దూయలేదు, ద్రోహమూ చేయలేదు. ఊరికే పక్కకు తప్పుకున్నారు అని నేను అర్థం చేసుకుంటాను.

రెండోది 1529. రాయలు తన తమ్ముళ్లను చంద్రగిరి కోటలో బందీలుగా ఉంచాడు. చివరి రోజుల్లో, తన కొడుకు మరీ పసివాడు కావడంతో, ఆ బందీల్లో ఒకడైన అచ్యుతుణ్ని వారసుడన్నాడు. నిన్నటిదాకా అచ్యుతుడు బయటికి రాకుండా కాసినవారే తెల్లవారి అతన్ని రాజుగా కాయాలి! రాజధానిలో రాయల అల్లుడు రామరాజు పసివాడి పక్షం వహించాడు. సాళువ వీరనరసింహుడు, అంటే చెల్లప్ప (1485 నాటి సాళువ నరసింహుడు వేరు), సింహాసనాన్ని అచ్యుతుడు వచ్చేదాకా కాపాడి అప్పగించాడు. అంత నమ్మకంగా గద్దెను కాచినవాడే రెండేళ్లు తిరిగేసరికి అదే రాజు మీద తిరగబడ్డాడు. కల్పిత కథలో ఇలా రాస్తే పాత్ర కుదరలేదంటాం.

మూడోది నన్ను ఎప్పుడూ వదలదు. తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, 16వ శతాబ్దం చివర చంద్రగిరికి, ఆపైన వేలూరుకు మారింది. రాజ్యం కుంచించుకుపోయింది. హంపీలో బొక్కసం పోషించిన వేలాది కావలి దళం ఇక్కడ సాధ్యం కాదు. రాజు నాయకుల సేనల మధ్య బతికాడు. 1614లో వెంకటపతిరాయలు తన అన్న కొడుకు శ్రీరంగుణ్ని వారసుడిగా నిలిపి చనిపోయాడు. రాణుల్లో ఒకరు ఎక్కడినుంచో తెచ్చిన బిడ్డను తన కొడుకుగా పెంచుతోంది. ఆమె పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు మరికొందరు నాయకులను కలుపుకుని, కొత్త రాజును కుటుంబంతో సహా బంధించి, ఆ బిడ్డకు పట్టం కట్టాడు. వేలూరు కోటలో రాజు చుట్టూ కావలి అప్పటికీ ఉంది. కాకపోతే ఆ కావలి రాజును బయటి నుంచి కాపాడటానికి కాదు, బయటికి పోనివ్వకుండా ఉండటానికి.

వెలుగోటి యాచమనాయుడు ఒక్కడు ఒప్పుకోలేదు. తర్వాతి కాలపు వెంకటగిరి సంస్థానాధీశులు ఈ వంశంవారే. బందీఖానా నుంచి చిన్నవాడైన రామదేవుణ్ని బయటికి తెచ్చిన ఘనత మాత్రం ఒక రజకుడిది. పోర్చుగీసు మతబోధకుడు బర్రాదాస్ 1616లో రాసిన లేఖలో ఈ వివరం ఉంది. బట్టల మూటలో పెట్టి పిల్లవాణ్ని కావలివారి కళ్లముందే దాటించాడు. ఆ ఇంట్లో చివరికి మిగిలింది ఆ ఒక్క ప్రాణమే. తర్వాత జగ్గరాయడు శ్రీరంగుణ్ని, భార్యాబిడ్డలను అంతం చేయించాడు. యాచమనాయుడు తంజావూరు రఘునాథనాయకుడి సాయంతో కావేరి ఒడ్డున తోపూరు దగ్గర జగ్గరాయణ్ని ఓడించాడు. జగ్గరాయడు అక్కడే చనిపోయాడు. రామదేవుడు 1632 దాకా ఏలాడు.

ఈ మూడు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తే, విద్యార్థుల తగవులో ఇరుపక్షాలూ ప్రమాణం దగ్గరే ఆగిపోయారని తెలుస్తుంది. ప్రమాణం గట్టిదా కాదా అని వాళ్లు కొట్లాడుకున్నారు. ఆ పన్నెండు మందికి అన్నం ఎవరు పెడుతున్నారని ఎవరూ అడగలేదు. భూమి లేదు, భార్యాబిడ్డలు లేరు, సరే. గుర్రానికి దాణా ఎవరిది? రాజు పోయిన మర్నాడు వంటశాల తాళాలు ఎవరి మొలలో ఉంటాయి?

తాళాల మాట వచ్చింది కాబట్టి మనకు రోజూ కనిపించే ఉదాహరణ ఒకటి చెబుతాను. తిరుమలలో సుప్రభాత వేళ బంగారు వాకిలి తలుపులు తీసి, దివిటీతో అందరికంటే ముందు లోపలికి వెళ్లేది సన్నిధి గొల్ల. తరతరాలుగా వస్తున్న ఆచారం అది. విజయనగరపు వంశాలు వచ్చాయి, పోయాయి. ఆ వాకిలి దగ్గర ఎవరి పక్షమన్న ప్రశ్న రాలేదు. అక్కడి ఏలికకు వారసుడు అక్కర్లేదు మరి.

రాతప్రతి వెనక్కి పంపేటప్పుడు అంచుల్లో రెండే మాటలు రాశాను. పన్నెండు మందిలో కొందరిని స్త్రీలను చేయమన్నాను. ఏడో అధ్యాయంలో, ఇద్దరు వారసులు కొలువుకూటంలో వాదులాడుతుండగా, పెరటి వాకిలి గుండా బట్టల మూటతో వెళ్తున్న మనిషిని ఒకసారి చూపించమన్నాను.