మిషను కొంటే మైక్రోబయాలజీ ల్యాబ్ వచ్చినట్టేనా? అపోహలు – వాస్తవాలు

సొంత మైక్రోబయాలజీ ల్యాబ్ పెట్టుకోవాలనుకునే ఆసుపత్రుల వారు నన్ను పిలిచినప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ మిషను కొనమంటారు, డాక్టరుగారూ?"

అపోహ: ఆటోమేటెడ్ బ్లడ్ కల్చర్ మిషను (బాటిల్‌లో పోసిన రోగి రక్తంలో క్రిములు పెరుగుతున్నాయేమో కనిపెట్టేది) ఉంటే ల్యాబ్ సిద్ధమైనట్టే.

వాస్తవం: బాటిల్‌లో ఏదో పెరుగుతోందని చెప్పడంతో ఆ మిషను పని అయిపోతుంది. ఆ తరువాత చుక్క తీసి గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియా రకాన్ని పట్టిచ్చే రంగు) వేసి, క్రిములు గులాబీరంగు కడ్డీలా, ఊదారంగు గుత్తులా అని మైక్రోస్కోపులో చూసి, అప్పటికప్పుడే ఐసీయూకు ఫోన్ చేయవలసినది మనిషే. పూర్తి రిపోర్టు రావడానికి ఇంకా ఒకటి రెండు రోజులు పట్టినా, ఆ ఫోన్‌తోనే చాలామందికి మందు మారుతుంది. నేను చూసిన ఒక ఆసుపత్రిలో అర్ధరాత్రి పాజిటివ్ అని మోగిన బాటిల్, టెక్నీషియన్ డ్యూటీకి వచ్చేదాకా మిషనులోనే ఉండిపోయింది. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితి) వెంటిలేటర్ మీదున్న ఆ రోగికి అవి ఎంతో విలువైన గంటలు. అందుకే మిషను కొటేషన్ కంటే ముందు నేను నైట్ డ్యూటీ పట్టిక అడుగుతాను.

సెన్సిటివిటీ, అంటే ఆ క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష, సంగతీ అంతే. క్రిముల ద్రావణం చిక్కదనాన్ని 0.5 మెక్‌ఫర్లాండ్ ప్రమాణంతో సరిచూడకుండా, క్రిములను పెంచే ముల్లర్ హింటన్ అగార్ పొర 4 మి.మీ. మందం ఉందో లేదో కొలవకుండా, ఏటీసీసీ 25922 అనే ప్రామాణిక ఈ.కోలై బ్యాక్టీరియాతో క్వాలిటీ కంట్రోల్ పెట్టకుండా ఇచ్చే రిపోర్టును నమ్మలేము. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అగార్‌లో సరిగా వ్యాపించదు; దానికి బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే పరీక్ష) చేయాలి. అయినా అగార్ మీద మందు బిళ్ళ (డిస్క్) పెట్టి "సెన్సిటివ్" అని రాసిన కాగితాలు నేటికీ నా బల్ల మీదకు వస్తూనే ఉన్నాయి.

అపోహ: శాంపిల్ బయటి ల్యాబ్‌కు పంపినా ఫలితం ఒకటే.

వాస్తవం: కాదు. సీఎస్ఎఫ్‌ను (వెన్నులోంచి తీసే ద్రవం) ఐస్‌ప్యాక్‌లో పెట్టి పంపితే మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియా దారిలోనే చచ్చిపోవచ్చు.

అపోహ: ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువ.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ మాటకు ఆధారం లేదు. కానీ "ఇక్కడ క్రిములు పెంచుతారటగా సార్, పాపను వేరేచోటికి తీసుకెళ్ళమంటారా?" అని వణుకుతూ అడిగిన తల్లిని విసుక్కోవడం తగదు. ఆమెను అద్దం దాకా తీసుకెళ్ళి క్రిములు బయటికి రాకుండా ఆపే బయోసేఫ్టీ క్యాబినెట్‌నూ, మూతలు వేసిన కల్చర్ ప్లేట్లనూ చూపించాను. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కల్చర్లను ఆసుపత్రిలోనే నిర్వీర్యం చేయాలనీ, మేము 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆటోక్లేవ్ చేశాకే (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపాకే) పసుపు సంచిలో బయటికి పంపుతామనీ వివరంగా చెప్పాను. పాప మా దగ్గరే కోలుకుంది.

ఇక పరికరాలు ఆర్డర్ చేసే ముందే నర్సులకు శిక్షణ ఇవ్వండి. పెద్దవారికి ఒక్కో బ్లడ్ కల్చర్ బాటిల్‌లో 8–10 మి.లీ. రక్తం పడాలి, వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి.