కిడ్నీ ఇచ్చేవాళ్ల మనసు ఎవరు చూస్తారు?

1954 డిసెంబర్ 22 రాత్రి. తెల్లారితే బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో ఆపరేషన్. కిడ్నీలు పాడైన రిచర్డ్ హెరిక్ తన కవల సోదరుడు రోనాల్డ్‌కు చీటీ పంపాడు: ఇక్కణ్ణుంచి బయటపడి ఇంటికి పొమ్మని. పోను, ఇక్కడే ఉంటానని రోనాల్డ్ తిరుగు చీటీ రాశాడు. మర్నాడు జోసెఫ్ ముర్రే బృందం చేసిందే ప్రపంచంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి.

ఏ జబ్బూ లేని మనిషిని కోయడానికి డాక్టర్లకు చెయ్యి రాలేదు. మతపెద్దలనూ లాయర్లనూ సలహా అడిగాకే దిగారు. 1957లో మైనర్ కవలల కేసులు మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లాయి. దాతల్లో 14 ఏళ్ల పిల్లలూ ఉన్నారు. తోబుట్టువు చనిపోతే వీళ్ల మనసు బాగా దెబ్బతింటుందని మానసిక వైద్యులు సాక్ష్యం చెప్పారు. కాబట్టి ఆపరేషన్ దాతకూ మేలేనని కోర్టు ఒప్పుకుంది. నాకిది కాస్త మెలికల వాదనే. అన్న పోతాడని భయపడుతున్న పిల్లాడు ఇవ్వనని ఎలా అంటాడు?

1960ల చివర్లో ఫెల్నర్, మార్షల్ అనే అమెరికన్ డాక్టర్లు దాతలతో కూర్చుని మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. చాలామంది ఫోన్‌లో విషయం వినగానే సరే అనేశారు. రిస్కుల గురించి డాక్టర్లు చెప్పిందంతా ఆ తర్వాతే. వెనక్కి తగ్గాలనుకునే దాతకు ఇంట్లో మాట రాకుండా, ‘మెడికల్‌గా కుదరలేదు’ అని ఆస్పత్రే చెప్పి తప్పించే పద్ధతి కూడా వచ్చింది. 2007లో, దాత తరఫున చూసే మనిషి విడిగా ఉండాలని అమెరికాలో నిబంధన పెట్టారు.

మన దేశంలో అవయవ మార్పిడి చట్టం పుట్టుకే వేరు. 1994లో అది వచ్చింది ప్రధానంగా కిడ్నీల అమ్మకాన్ని ఆపడానికి. అందుకే చూపంతా డబ్బు మీద, బంధుత్వం రుజువు చేసే పెళ్లి సర్టిఫికెట్ మీద, పాత ఫొటోల మీద. దాత మానసికంగా ఫిట్‌గా ఉండాలని 2014 రూల్స్ చెబుతాయి గానీ, సైకియాట్రిస్టు దగ్గరికి పంపేది అనుమానం వస్తేనే. అదైనా మానసిక వైకల్యం ఉందేమోనన్న అనుమానం. ఇంట్లో ఒత్తిడి సంగతి అందులో తేలదు.

మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. భర్తకు కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన ఇల్లాలి కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి. అత్తగారు పక్క కుర్చీలో ఉండగా ‘ఇష్టమేనా అమ్మా?’ అని అడిగితే ఆవిడ తలే ఊపుతుంది. పని తెలిసిన సైకియాట్రిస్టు మొదట మిగతావాళ్లను బయటికి పంపి తలుపు వేస్తారు.