ఆయుష్షు జన్యువుల్లోనే ఉందా? అపోహలు - వాస్తవాలు

జన్యు పరీక్షల రిపోర్టులు చదివి వివరించడం నా వృత్తి. ఈమధ్య జబ్బుల గురించి కాక, ఆయుష్షు గురించి అడగడానికి వచ్చేవారు పెరిగారు. వారి నోట తరచూ వినే మాటలివి.

అపోహ: మాది గట్టి పిండం. తాత తొంభై అయిదేళ్లు బతికాడు, నాకూ ఢోకా లేదు.

వాస్తవం: మీ జన్యువుల్లో తాత నుంచి వచ్చింది సుమారు నాలుగో వంతే. డెన్మార్క్ కవలలపై 1996లో వెలువడిన అధ్యయనం, మనుషుల ఆయుష్షులోని తేడాల్లో జన్యువుల వాటా 25 శాతం దాకా ఉంటుందని లెక్కకట్టింది. 2018లో 40 కోట్ల మందికి పైగా ఉన్న వంశవృక్షాలను జల్లెడ పట్టిన పరిశోధకులు అది 10 శాతం లోపేనన్నారు. పాత లెక్కపై వారికి అనుమానం రావడానికి కారణం బావమరుదులు! రక్తసంబంధం లేని వారి ఆయుష్షులూ పోలి ఉన్నాయి. చదువులో, సంపాదనలో, అలవాట్లలో తమలాంటి వారితోనే జనం వియ్యమందుతారు కదా. (మేనరికాల పుణ్యమా అని మన ఇళ్లలో బావ కూడా రక్తసంబంధే, ఆ లెక్క ఇక్కడ అంత తేలిగ్గా తెగదు.) ప్రమాదాలు, అంటువ్యాధుల మరణాలు తీసేస్తే జన్యువుల వాటా పెరుగుతుందనే వాదనా ఉంది. అది నాకు సబబుగానే తోస్తుంది. నూరేళ్లు దాటినవారి తోబుట్టువులకు ఆ అవకాశం ఇతరులకంటే ఎక్కువన్నదీ నిజమే.

అపోహ: దీర్ఘాయువు జన్యువు ఉందో లేదో పరీక్షలో తేలిపోతుంది.

వాస్తవం: 1993లో అమెరికా శాస్త్రవేత్త సింథియా కెన్యన్ బృందం ఒక్క జన్యువు మార్పుతో ఓ సన్నని నేలపురుగు ఆయుష్షు రెట్టింపవుతుందని చూపింది. ఈ ఆశకు ఊపు అక్కడిదే. మనుషుల్లో ఆయుష్షును తేల్చేసే ఒక్క జన్యువంటూ లేదు. దానితో సంబంధం ఉందని పదేపదే నిగ్గుతేలిన జన్యువులు ముఖ్యంగా రెండు: ఏపీఓఈ, ఫాక్సో3. ఏపీఓఈలో రెండు డీఎన్ఏ అక్షరాల తేడాతో ఇ2, ఇ3, ఇ4 రకాలు ఏర్పడతాయి. బాగా వయసు మళ్లినవారిలో ఇ4 తక్కువగా కనిపిస్తుంది. అల్జీమర్స్ ముప్పును పెంచేదీ అదే. రిపోర్టులో ‘ఇ3/ఇ4’ అని చూడగానే ముఖం పాలిపోయేవారికి చెప్పేది ఒకటే: ఒక్క ఇ4 ఉన్నవారిలో చాలామందికి ఆ జబ్బు రానేరాదు.

అపోహ: టెలోమియర్లు (క్రోమోజోముల కొసలకు ఉండే డీఎన్ఏ తొడుగులు) ఎంత పొడవుంటే అంత ఆయుష్షు.

వాస్తవం: పుట్టుకతో అవి మరీ పొడవుగా ఉన్నవారికి కొన్ని క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. వాటిని కొలిచి ఆయుష్షు చెబుతామనే కిట్లు శుద్ధ దండగ.

అపోహ: నిజంగా చెడ్డ జన్యువులైతే ప్రకృతి ఎప్పుడో ఏరిపారేసేది.

వాస్తవం: పిల్లలు పుట్టాక దెబ్బతీసేవాటి మీద ప్రకృతి పట్టు సడలిపోతుందని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1952లోనే వివరించారు. మనకు దగ్గరి ఉదాహరణ, గుండె కండరపు ప్రోటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువు. అందులో 25 అక్షరాలు ఊడిపోయిన రకం దక్షిణాసియా వారిలో సుమారు 4 శాతం మందిలో ఉంది. గుండె వైఫల్యంతో దాని సంబంధాన్ని 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, సహ పరిశోధకులు బయటపెట్టారు. వయసులో ఉండగా చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. గుండె మొరాయించే నాటికి అది పిల్లలకు అందిపోయి ఉంటుంది. అది ఉన్న అందరికీ ముప్పు ఒకేలా లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. రిపోర్టులో అది కనిపిస్తే ఎన్నేళ్లు బతుకుతామని లెక్కలు వేయకండి. ఎకో (గుండె స్కానింగ్) చేయించుకోండి, బీపీ అదుపులో పెట్టుకోండి, తోబుట్టువులకూ చెప్పండి.